ఇంటి వాకిట్లో పాత పడవకు పునర్జన్మ

ధూళిమిట్ట: ఊళ్లో ఆ ఇంటి ముందుకు వెళ్లిన వారికి మొదట కనిపించేది ఇల్లు కాదు. వాకిట్లో బోర్లా పడుకోబెట్టిన పడవ. పద్దెనిమిది అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. రంగు నీలమో ఆకుపచ్చో చెప్పలేనంతగా వెలిసిపోయింది. ముక్కు దగ్గర సగం చెరిగిన అక్షరాలు, అంకెలు ఉన్నాయి. ఒకప్పుడు సముద్రం మీద తిరిగిన ఫైబర్ పడవ ఇది. ఈ వేసవిలో నెలన్నర పాటు ఇద్దరు అన్నదమ్ములు, వారిలో పెద్దాయన కొడుకు దీని చుట్టే తిరిగారు.

"పడవ తెచ్చిననాడు ఊరంత నవ్విండ్రు సారూ. ధూళిమిట్టకు సముద్రం ఎప్పుడొచ్చిందని అడిగిండ్రు" అని ఇంటి పెద్ద నవ్వుతూనే చెప్పారు. నవ్విన వారిలో కొందరు ఇప్పుడు సాయంత్రం పూట వచ్చి అరుగు మీద కూర్చుని పని చూసి పోతున్నారు. పక్క ఊళ్ల మత్స్యకారులు కూడా వచ్చి ఏ మందు ఎంత కలిపారో అడిగి రాసుకుపోతున్నారు.

మృగశిర కార్తె నాటికి పడవను చెరువులో దింపాలన్నది వారి పట్టుదల. కార్తె ప్రవేశించే రోజున చేప తినని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. ఏడాది మొత్తంలో చేపకు ధర పలికేది ఆ ఒకటి రెండు రోజులే. అనుకున్న రోజుకు పడవ సిద్ధమైందా లేదా అన్నది చివరన చెప్పుకుందాం. అంతకంటే ముందు, చెరువుల మీద బతికే వారికి ఈ పని వల్ల తెలిసి వచ్చిన సంగతులు చాలా ఉన్నాయి.

చెరువు పెరిగింది, తెప్ప చాలలేదు

ఈ ప్రాంతం 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లాలోకి రాకముందు వరంగల్ జిల్లాలో ఉండేది. వానొస్తేనే చెరువు, చెరువు నిండితేనే చేప అన్నట్టు ఇక్కడి బతుకు సాగింది. నిండిన ఏడు కూడా సంక్రాంతి దాటితే నీరు శిఖంలోకి జారిపోయేది. మోకాటి లోతు నీళ్లలో వల లాగడానికి పడవతో పని లేదు. నాలుగు ధర్మాకోల్ దిమ్మలు కట్టిన తెప్ప, లేదంటే గాలి నింపిన లారీ ట్యూబు సరిపోయేది.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. గోదావరి నీటిని ఎత్తిపోసే దేవాదుల పథకం కింద కొన్ని చెరువులకు నీళ్లు చేరాయి. జిల్లాలో 2020 ఏప్రిల్‌లో 3 టీఎంసీల రంగనాయక సాగర్, మే నెలలో 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్, 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల మల్లన్న సాగర్ ప్రారంభమయ్యాయి. 2016-17 నుంచి ప్రభుత్వం చెరువులలో చేపపిల్లలను ఉచితంగా వదిలే పథకం చేపట్టింది. రవ్వు, కట్ల, బంగారు తీగ ఇప్పుడు వేసవిలోనూ లోతు నీళ్లలో ఉంటున్నాయి. తెప్ప మీద నిలబడి బరువైన వలను లాగడం ఒక్క మనిషి వల్ల కాదు. ఇద్దరెక్కితే తెప్ప ఒరుగుతుంది. గాలి లేస్తే మరీ ప్రమాదం.

ఈ అన్నదమ్ములు పాత పడవ కోసం వెదకడానికి కారణం ఇదే. కొత్త పడవ కొనే శక్తి లేదు. తెలిసిన చేపల వ్యాపారి ద్వారా కోస్తా నుంచి ఒక పడవ దొరికింది. ఐసు పెట్టెలు తెచ్చే డీసీఎంలో కట్టి తెచ్చారు. సునామీ తర్వాత పంచిన పడవల్లో ఇదొకటని అమ్మిన వారు చెప్పారట.

నడి చెరువులో ఊడిన అతుకు

పడవ వచ్చేనాటికే అడుగున అరచేతి మందాన పగులు ఉంది. పోయిన ఏడాది ఒక పనివాడిని పిలిపించారు. ఆయన పగులు మీద తారు పూసి, దాని మీద ఫైబర్ గుడ్డ పరిచి, రెండు గంటల్లో పని ముగించి డబ్బు తీసుకుని వెళ్లాడు. అతుకు పైకి నున్నగా, గట్టిగా కనిపించింది. మూడు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు.

నాలుగో నెలలో ఒక సాయంత్రం వల సగం లాగాక కాళ్ల కింద నీళ్లు తగిలాయి. చూస్తుండగానే మడమలు మునిగాయి. అతుకు మొత్తం ఒక్క ముక్కగా ఊడి నీళ్లలో తేలింది. తమ్ముడు బకెట్టుతో నీళ్లు తోడుతుంటే అన్న వలను కోసి వదిలేశారు. పట్టిన చేప, వల రెండూ పోయాయి. తెడ్డు వేసుకుంటూ కట్ట చేరేసరికి పడవ అంచు నీటికి జానెడు ఎత్తున ఉందట.

"చేప పోతే పోయింది. ఆ దినం పడవల నా కొడుకు గూడ ఉన్నడు. నాకు ఈత వస్తది. వానికి రాదు" అని చెబుతున్నప్పుడు ఆ పెద్దాయన గొంతు మారింది. ఆ తర్వాత ఆరు నెలలు పడవ ముఖం చూడలేదట. అమ్మేద్దామంటే కొనేవారు లేరు. పాత సామాన్ల వ్యాపారిని పిలిస్తే అతనూ వద్దన్నాడు. ఇనుమును కరిగిస్తారు, కర్రను పొయ్యిలో పెడతారు. ఫైబర్ ఒకసారి గట్టిపడిందంటే మళ్లీ కరగదు, మట్టిలో కుళ్లదు, కాలిస్తే విషపు పొగ. బాగు చేసుకుని వాడుకోవడం ఒక్కటే దారి.

ఆ దారి చూపినవాడు కొడుకే. హైదరాబాదులో నీళ్ల ట్యాంకులు, ఫైబర్ తలుపులు చేసే కార్ఖానాలో నాలుగేళ్లు పని చేసి వచ్చాడు. "తప్పు పడవది కాదు బాపూ, అతుకుది. తారు మీద ఫైబర్ అంటుకోదు. తడి మీద అసలే అంటుకోదు" అన్నాడు. పని అక్కడ మొదలైంది.

గాజు నారతో పడవ

ఫైబర్ పడవ అంటే ప్లాస్టిక్ పడవ అని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి అది గాజు. గాజును కరిగించి వెంట్రుక కంటే సన్నని నారగా తీస్తారు. ఆ నారను పరుపులా పరిచి చేసింది మ్యాట్. జాడీలో పట్టిన తేనెలా ఉండే రెజిన్ అనే ద్రవంతో ఆ మ్యాట్‌ను తడిపితే, గట్టిపడి రాయిలా అవుతుంది. మట్టి గోడకు గడ్డి కలిపి బలం తెచ్చినట్టు ఇక్కడ రెజిన్‌కు గాజు నార బలం ఇస్తుంది. వెలుపలి వైపు నీళ్లు లోనికి దిగకుండా జెల్ కోట్ అనే రంగు పూత ఉంటుంది. ఇది అర మిల్లీమీటరు మందం కూడా ఉండకపోవచ్చు. పడవను కాపాడేది అదే.

1942లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో రే గ్రీన్ అనే ఆయన ఇలాంటి తొలి పడవల్లో ఒకదాన్ని చేశారు. మన తీరానికి ఈ పద్ధతి చాలా ఆలస్యంగా వచ్చింది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా జాలర్లు తేలిక కర్ర దుంగలను తాళ్లతో కట్టిన తెప్పల మీదే తరతరాలుగా సముద్రంలోకి వెళ్లారు. మంచి దుంగలు దొరకడం కష్టమైంది. 1979లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం కార్యక్రమాన్ని ప్రారంభించింది. అలల్లోంచి నేరుగా ఇసుక ఒడ్డుకు వచ్చే పడవల నమూనాలు చేయించడం ఆ కార్యక్రమం పనుల్లో ఒకటి. తర్వాత తెప్పలు కూడా ఫైబర్‌తో రావడం మొదలైంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో వేలాది పడవలు ధ్వంసమైనప్పుడు, వాటి స్థానంలో పంచిన వాటిలో ఎక్కువ భాగం ఫైబర్‌వే. తొందరలో చేసిన పడవల్లో కొన్నింటి నాణ్యత బాగా లేదన్న విమర్శలు అప్పట్లోనే వచ్చాయి.

కనుక పాత ఫైబర్ పడవ చేతికి వచ్చినప్పుడు, అది ఎంత బాగా కనిపించినా లోపల ఏముందో చూడకుండా నమ్మరాదు. చూడటం ఎలా అన్నదే అసలు ప్రశ్న.

రూపాయి బిళ్లతో పరీక్ష

కొడుకు మొదట చేసిన పని, రూపాయి బిళ్ల తీసుకుని పడవ అడుగంతా జానెడు జానెడు దూరాన కొట్టి వినడం. కుండలు కొనేటప్పుడు మన ఆడవాళ్లు వేలితో కొట్టి చూసినట్టే. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. పొరలు విడిపోయినచోట, లోపల నీరు చేరినచోట మొద్దుగా "దబ్" అంటుంది. మొద్దు శబ్దం వచ్చినచోటల్లా సుద్దతో గీత గీశాడు.

పగులు ఒక్కటే అనుకుంటే సుద్ద గీతలు ఏడు చోట్ల పడ్డాయి. వెనుక చెక్క ఉన్న భాగం అన్నింటికంటే అధ్వానం. ఇంజను బిగించడానికి వెనుక గోడ లోపల చెక్క పెట్టి, రెండు వైపులా ఫైబర్ పరుస్తారు. సముద్రంలో వాడినప్పుడు బోల్టులు బిగించిన రంధ్రాల గుండా నీరు దిగి ఆ చెక్క నానిపోయింది. ఫైబర్ కోసి చూస్తే చెక్క తడి ఊక మాదిరి చేతిలోకి వచ్చింది. పైకి మాత్రం రంగు వేసి ఉంది.

అడుగున అక్కడక్కడ పెసరగింజంత బొబ్బలు కనిపించాయి. సూదితో గుచ్చితే పుల్లని వాసన గల నీరు కారింది. జెల్ కోట్ దాటి నీరు చొరబడి, రెజిన్‌తో కలిసి చేసిన పని అది. చాలా కాలం నీళ్లలోనే ఉంచిన పడవలకు ఈ జబ్బు వస్తుంది. పని లేనప్పుడు పడవను ఒడ్డుకు లాగి ఆరబెట్టడం ఎందుకో దీన్ని బట్టి తెలుస్తుంది.

మూడు వారాలు ఎండకే

పాత తారు అతుకును, కుళ్లిన చెక్కను తీసివేశారు. బొబ్బలన్నీ గోకి తెరిచారు. అడుగును మంచినీటితో రెండుసార్లు కడిగారు. తర్వాత ఏం చేశారని అడిగితే, "ఏం చెయ్యలె. ఎండకు పెట్టినం" అన్నారు. మూడు వారాల పాటు పొద్దున తెరవడం, రాత్రి టార్పాలిన్ కప్పడం. మధ్యలో రెండుసార్లు అకాల వాన పడితే అర్ధరాత్రి లేచి కప్పారు.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని ఉపాయం ఉంది. మూరెడు పాలిథిన్ కాగితాన్ని అడుగున పరిచి, నాలుగు అంచులా గాలి చొరకుండా టేపు అంటించి, ఒక పగలు ఎండలో వదిలేయాలి. కాగితం లోపలి వైపు చెమట బొట్లు పడితే ఫైబర్‌లో ఇంకా తడి ఉన్నట్టే. మొదటి వారం బొట్లు కారాయి. రెండో వారం ఆవిరి పట్టింది. మూడో వారం చివరన కాగితం పొడిగా ఉంది. అప్పుడే గ్రైండర్ ముట్టుకున్నారు.

తమ్ముడికి ఈ ఆలస్యం నచ్చలేదు. మృగశిర దగ్గర పడుతోంది, పైకి ఎండిన పడవను ఇంకెన్నాళ్లు చూస్తూ కూర్చోవాలని అన్నతో వాదం పెట్టుకున్నాడు. పొయిన ఏడాది అతుకు కూడా పైకి ఎండినట్టే ఉండిందని అన్న జవాబు చెప్పారట.

దురద దుమ్ము

గోకే పని అందరూ తప్పించుకునే పని. గాజు నార దుమ్ము చర్మంలో గుచ్చుకుని రెండు రోజులు దురద పెడుతుంది. ఊపిరిలోకి పోతే ఇంకా చెడు. నిండు చేతుల చొక్కా, తలకు రుమాలు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మంచి మాస్కు ఉండాల్సిందే. ఉత్త చేతి రుమాలు సన్నని దుమ్మును ఆపదు. పని ముగిశాక ముందు చన్నీళ్లతో కడుక్కోవాలి. వేన్నీళ్లు పోసుకుంటే చర్మం రంధ్రాలు తెరుచుకుని దురద పెరుగుతుందని ఈ పనిలో ఉన్నవారు చెబుతారు. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు. గాలి వాలు చూసుకుని, కల్లాపి చల్లి, పక్కింటి వారికి ముందే చెప్పి పని చేశారు.

గోకడంలోనూ లెక్క ఉంది. రంధ్రం అంచు నిటారుగా ఉంటే కొత్త ఫైబర్‌కు పట్టు దొరకదు. అంచును గుమ్మటంలా కాక, పళ్లెం అంచులా ఏటవాలుగా గోకాలి. ఫైబర్ ఎంత మందమో దానికి పన్నెండు రెట్లు వెడల్పు ఉండాలి. ఈ పడవ అడుగు ఆరు మిల్లీమీటర్లు. అంటే రంధ్రం చుట్టూ ఏడు సెంటీమీటర్ల వాలు, నాలుగు వేళ్ల వెడల్పు. అరచేతి పగులుకు చిన్న పళ్లెమంత చోటు గోకాల్సి వచ్చింది. పోయిన ఏడు పనివాడు అసలు గోకనే లేదు. చివరన అసిటోన్‌తో తుడిచి, ఆ చోటును మళ్లీ చేత్తో ముట్టుకోలేదు. చేతి జిడ్డు తగిలినా అతుకు పట్టదు.

రెండు సీసాల హెచ్చరిక

రెజిన్ డబ్బాతో పాటు రెండు చిన్న సీసాలు ఇస్తారు. ఒకటి వంకాయ రంగులో ఉండే కోబాల్ట్. రెండోది నీళ్లలా తెల్లగా ఉండే హార్డనర్. ఈ రెండింటినీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి నేరుగా కలపరాదు. కలిపితే మంట లేచి పేలే ప్రమాదం ఉంది. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో వేసి బాగా కలియబెట్టాలి. అది పూర్తిగా కలిశాకనే హార్డనర్ వేయాలి. కొన్ని రెజిన్లలో కోబాల్ట్ కార్ఖానాలోనే కలిపి వస్తుంది. కొనేటప్పుడు అడిగి తెలుసుకోవడం మంచిది. రెండు సీసాలను ఒకే సంచిలో పెట్టి తేవడం కూడా తగదు.

హార్డనర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. పడితే వెంటనే పావుగంటకు తక్కువ కాకుండా ధారగా నీళ్లు పోసి, ఆపైన దవాఖానకు పోవాలి. పని దగ్గర బీడీ వెలిగించరాదు. తలుపులు మూసిన గదిలో ఈ పని చేయరాదు, ఆ వాసనకు తల తిరుగుతుంది. ఇంటి పెద్ద రెండు బిందెల నీళ్లు పక్కన పెట్టించి, బీడీ కట్టను ఇంట్లో దాచేయించారు.

కిలో రెజిన్‌కు హార్డనర్ పది నుంచి ఇరవై గ్రాములు. ఎండ ఎక్కువైతే పది గ్రాముల దగ్గర ఆగాలి. అంతకంటే తగ్గిస్తే ఎన్నటికీ సరిగా గట్టిపడదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. మొదటి రోజు ఉదయం పది గంటలకు కిలోన్నర ఒక్కసారే కలిపారు. మ్యాట్ మీద సగం పూయకముందే బకెట్టులో మిగిలింది జున్నులా గడ్డకట్టి, పొగలు చిమ్మి, బకెట్టు అడుగు మెత్తబడింది. ఖర్చంతా మట్టిపాలు. రెజిన్ గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది. లోతు గిన్నెలో ఎక్కువ మొత్తం ఉంటే ఆ వేడి పోయే దారి ఉండదు.

మరునాటి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఏడు గంటలకు పని ఆపేశారు. అర కిలో చొప్పున మాత్రమే కలిపి, వెడల్పు పళ్లెంలో పోసుకున్నారు. మళ్లీ అలాంటి నష్టం జరగలేదు.

పొర మీద పొర

చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ వాడారు. ఒక చదరపు మీటరు మ్యాట్ తడవడానికి కిలో పైన వంద గ్రాముల రెజిన్ పడుతుంది. ఆరాక ఒక పొర దాదాపు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. ఆరు మిల్లీమీటర్ల అడుగుకు ఆరు పొరలు. వాలుకు సరిపోయేలా ఒక్కో ముక్క ఒక్కో కొలతలో ముందే కత్తిరించి, వరుస తప్పకుండా అంకెలు వేసి పెట్టుకున్నారు.

బ్రష్‌తో రుద్దితే నార చెదిరిపోతుంది. గోడకు సున్నం కొట్టినట్టు కాక, ముద్దర వేసినట్టు అద్దాలి. తెల్లని మ్యాట్ తడిసి అద్దంలా కనబడేదాకా అద్ది, గాడులున్న చిన్న రోలరుతో గాలి బుడగలు బయటకు నెట్టాలి. తెల్లగా మిగిలిన చుక్క ప్రతిదీ రేపటి రంధ్రమే. రెజిన్ ఎక్కువ పోస్తే బలం ఎక్కువ అనుకోవడం పొరపాటు. బలం గాజు నారది. రెజిన్ మిగులు పెళుసుదనం తెస్తుంది. రోజుకు రెండు మూడు పొరలకు మించి వేయలేదు. చివరి పొర జిడ్డుగా మిగలకుండా పైన పాలిథిన్ కప్పి ఆరనిచ్చారు. వెనుక గోడలో కుళ్లిన చెక్క స్థానంలో బాగా ఎండిన కొత్త చెక్కను, అన్ని వైపులా రెజిన్ పట్టించి అమర్చారు.

ధర్మాకోల్ కరిగిపోయింది

ఇక్కడ ఒక వింత జరిగింది. మునిగినా పడవ తేలాలంటే సీట్ల కింద తేలిక వస్తువు నింపాలి. పాత తెప్పల ధర్మాకోల్ ఇంట్లోనే ఉంది గదా అని తమ్ముడు ఒక దిమ్మను పెట్టి దాని మీద రెజిన్ పోశాడు. ఉప్పు గల్లు నీళ్లలో కరిగినట్టు ధర్మాకోల్ చూస్తుండగానే కరిగి జిగురైంది. రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవం ధర్మాకోల్‌ను కరిగించివేస్తుంది. చెరువు మీద పని చేసే మనందరికీ ధర్మాకోల్ తెలుసు గానీ ఈ సంగతి తెలియదు.

తేలే వస్తువు ఎందుకు అవసరమో కూడా చెప్పుకోవాలి. కర్ర పడవ నీళ్లు నిండినా తేలుతుంది. ఫైబర్ నీటికంటే ఒకటిన్నర రెట్లు బరువు. నీళ్లు నిండితే రాయిలా అడుగుకు పోతుంది. మూడు వందల కిలోల ఫైబర్ నీట మునిగితే వంద కిలోల బరువుగా కిందికి లాగుతుంది. దాన్ని నిలపడానికే వంద లీటర్ల గాలి కావాలి. మనుషులు పట్టుకుని తేలాలంటే ఇంకో వంద ఉండాలి. అందుకని ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు పది తెచ్చి, మూతలు గట్టిగా బిగించి, ముందు కొన్ని, వెనుక కొన్ని సీట్ల కింద తాళ్లతో కట్టారు. కట్టు వదులైతే డబ్బాలు తేలిపోతాయి, పడవ మునిగిపోతుంది. కనుక ప్రతి డబ్బాను రెండు తాళ్లతో బంధించారు.

మృగశిర ముందు రోజు

కార్తె ప్రవేశానికి మూడు రోజుల ముందు పడవను కట్ట కిందికి తీసుకుపోయి నడుము లోతు నీళ్లలో దించారు. ఎవరూ ఎక్కలేదు. లోపల ఇసుక బస్తాలు వేసి ఒక రాత్రి వదిలేశారు. తెల్లవారి చూస్తే అడుగున అతుకులన్నీ పొడిగా ఉన్నాయి. వెనుక గోడ మూలన మాత్రం గ్లాసెడు నీరు నిలిచింది. పాత బోల్టు రంధ్రం ఒకటి పుట్టీ కింద దాగి, కంటికి కనపడకుండా మిగిలిపోయింది.

గ్లాసెడు నీరే గదా, మృగశిర అయ్యాక చూసుకోవచ్చన్నాడు తమ్ముడు. ఆ రెండు రోజుల రాబడితోనే రెజిన్ బాకీ తీరుతుంది. సంఘంలో మిగతావారూ ఆయన మాటే సమర్థించారు. కొడుకు మాత్రం ఒప్పుకోలేదు. "చెక్కల నీళ్లు దిగితే మళ్ల అదే కథ, చిన్నాయినా. పోయినేడు గూడ ముందు గ్లాసెడే వచ్చింది" అన్నాడు. పెద్దాయన కాసేపు ఏమీ అనకుండా నిలబడి, పడవను గట్టుకు లాగమన్నారు.

అలా మృగశిర నాడు పడవ మళ్లీ వాకిట్లో బోర్లా పడుకుంది. అన్నదమ్ములు ఒడ్డు వెంట, తెప్పల మీద నుంచి వల వేశారు. వచ్చిన చేప లోతు నీళ్లలో దొరికేదానికి సగం కూడా లేదు. బాకీ మిగిలింది. ఊళ్లో మళ్లీ నవ్వినవారు ఉన్నారు.

రంధ్రాన్ని తొలిచి, ఆరబెట్టి, పాలిథిన్ పరీక్ష చేసి, రెజిన్ నింపి, పైన రెండు పొరలు వేశారు. పది రోజులు పట్టింది. రెండోసారి రాత్రంతా నీళ్లలో ఉంచితే చుక్క నీరు లేదు. తర్వాత కావాలనే బిందెలతో అంచుదాకా నీళ్లు నింపారు. పడవ అంచు నీటి మట్టానికి వచ్చి, అక్కడే నిలిచింది. నలుగురు పట్టుకుని వేలాడినా మునగలేదు. అది చూసి కట్ట మీద ఉన్నవారు చప్పట్లు కొట్టారు. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి పడవను వదిలారు.

మొదటి రోజు తండ్రి ఒక్కరే ఎక్కి అవతలి గట్టుదాకా పోయి వచ్చారు. కొడుకును ఎందుకు ఎక్కించుకోలేదని ఈ విలేకరి అడిగితే, "ఈత నేర్చుకున్నంక ఎక్కుతడు. లైఫ్ జాకెట్ తెప్పిచ్చిన. అది తొడుక్కున్నా సరే, ఈత రావాలె" అన్నారు. ఇప్పుడు పొద్దున పూట వేపచెట్టు కింద పని లేదు. తండ్రీ కొడుకులిద్దరూ ఆ సమయానికి చెరువు గట్టున, నడుము లోతు నీళ్లలో కనిపిస్తున్నారు.

బాగు చేయాలనుకునే వారికి

పాత ఫైబర్ పడవ, పుట్టి ఉన్నవారు వీరి అనుభవం నుంచి ఇవి గుర్తుంచుకోవచ్చు. కొనేముందు బిళ్లతో కొట్టి వినాలి, వెనుక చెక్కను తప్పక చూడాలి. పాలిథిన్ కాగితం పొడిగా ఉండేదాకా గ్రైండర్ పట్టరాదు. తారు, రంగు, జిడ్డు మీద అతుకు వేయరాదు. కోబాల్ట్, హార్డనర్ నేరుగా కలపరాదు. ఎండాకాలంలో తెల్లవారుజామునే, కొద్ది కొద్దిగా కలపాలి. పని ముగిశాక కనీసం వారం ఆరనిచ్చి, మనుషులు ఎక్కకముందు బస్తాలతో రాత్రంతా నీళ్లలో పరీక్షించాలి. తేలే డబ్బాలు లేని ఫైబర్ పడవ ఎక్కరాదు. పని లేని రోజుల్లో పడవను ఒడ్డుకు లాగి బోర్లించాలి.

వచ్చే మృగశిరకు ఇంకా ఏడాది ఉంది. ఈ ఏడు పోయిన రాబడి గురించి అడిగితే తమ్ముడు నవ్వి, ఆ బాకీ సంక్రాంతి లోపల తీరుస్తామన్నాడు. పక్క ఊరి సంఘం వారు తమ పాత పుట్టిని ట్రాక్టరులో వేసుకుని వచ్చారు. అది ఇప్పుడు అదే వాకిట్లో బోర్లా పడుకుని, అడుగున పాలిథిన్ కాగితం అంటించుకుని ఎండుతోంది.